రెండు బరకాలు

నా పేరు ధర్మరాజు. ఈ పేరు పెట్టిన రోజున మా నాయనమ్మకి నా గురించి ఏమీ తెలీదు. నాకప్పటికి పదకొండు రోజులు. ఆవిణ్ణి తప్పు పట్టలేం.

ఇరవై ఆరేళ్ళొచ్చేసరికి నేను మా ఊరి యువజన సంఘానికి సెక్రటరీనయ్యేను. ఉప్పలగుప్తం దాటి సముద్రం వైపు పోతే వస్తుంది మా ఊరు. సంఘం అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక కేరమ్ బోర్డు, ఒక పెట్రోమాక్స్ లైటు, ఒక రబ్బరు స్టాంపు. గది కూడా మాది కాదు, బాపిరాజు గారి కొబ్బరి కొట్టు. ఆయన కొడుకు దుర్గాశ్రీనివాస్ మా ప్రెసిడెంటు. గది ఎవరిదైతే ప్రెసిడెంటు వాడే, ఇందులో వింతేం లేదు. కొట్టు ముందు సగం మాకిచ్చేరు. వెనక సగంలోనూ అటక మీదా కొబ్బరి డొక్కలు పేర్చి ఉండేవి. ఎండిన పీచు వాసన మా చొక్కాలకి ఎంతగా పట్టేసేదంటే, ఏ ఇంటికెళ్ళినా "క్లబ్బు నించేనా?" అనేవారు.

తొంభై ఎనిమిది ఫిబ్రవరిలో రెండో శనివారం, ఆదివారం కలిపి అంతర్వేదిలో క్యాంపు పెట్టుకున్నాం. సముద్రం ఒడ్డున సరుగుడు తోటలో బస. పన్నెండు మందిమి. పైకి వ్యక్తిత్వ వికాస శిబిరం అని స్టాంపు వేసి నోటీసు అంటించేను గానీ, అసలు సంగతి ప్రకాష్ కి కువైట్ వీసా వచ్చింది. మళ్ళీ నెలలో వాడి ప్రయాణం. వాడికో వీడ్కోలు అన్నమాట.

శుక్రవారం సాయంత్రం సామాన్లు సర్దుతున్నాం. ప్రకాష్, శీను, నేను. శీను అంటే ప్రెసిడెంటు దుర్గాశ్రీనివాసే, స్టాంపు మీద మాత్రమే వాడి పేరు అంత పొడుగు.

"ఒరే సెక్రటరీ, రెండ్రోజులకి ఇన్ని బియ్యం ఏంట్రా? చేపలక్కూడా విస్తరేస్తావా?" అన్నాడు ప్రకాష్.

"మనవాళ్ళ తిండి నీకు తెలీదు."

"సరే, ఈ మూడు తువ్వాళ్ళు ఎవడివి?"

"నావే."

"ఉన్నది ఒక్క ఒళ్ళు కదరా!"

నేను నవ్వలేదు. నాకు సర్దడం అంటే పూజతో సమానం. కిరసనాయిలు స్టవ్వు, గుండిగ, ఆవకాయ, టార్చిలైటు, బేటు, బంతి, కొబ్బరి తాళ్ళు. ఒక్కో గోనెసంచీకి ఒక్కో కాగితం అంటించి లోపలేముందో రాసేను. అంత పద్ధతిగా సర్దినవాణ్ణి అసలు సంగతే మర్చిపోయేను. ప్రకాష్ గుర్తు చేసేడు.

"అన్నీ బానే ఉన్నాయి గానీ, పడుకోడానికి గుడారాలేవిరా?"

శీను గోళ్ళు కొరుక్కుంటూ అటక వైపు చూసేడు. "రెండు బరకాలున్నాయి లేరా. కర్రలు పాతి పైన కట్టేద్దాం."

"మన క్లబ్బుకి టార్పాలిన్ బరకాలెక్కడివి?"

"ఎప్పుడో కొన్నాం లేరా," అన్నాడు శీను, నా వైపు చూడకుండా. నేను ఆవకాయ జాడీ మూత బిగించేను. అప్పటికే అది బిగించి ఉంది.

పెట్రోమాక్స్ కి మేంటిల్ కావాలి, పొద్దున్న వేన్ ఎన్నింటికొస్తుందో పేతురుని కనుక్కోవాలి అంటూ ప్రకాష్ సైకిలెక్కి వెళ్ళిపోయేడు. వాడి బెల్లు వినబడినంతసేపూ మేమిద్దరం కదల్లేదు.

ఆ బరకాల సంగతి ఇప్పుడు చెప్పాలి.

అంతకి పదిహేను నెలల ముందు, తొంభై ఆరు తుఫాను. ఆ రాత్రి గురించి కోనసీమవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. తెల్లారేసరికి కొబ్బరిచెట్లు మొదలంటా పడున్నాయి, తాటాకిళ్ళకి కప్పుల్లేవు. మూడో రోజున పట్నం నించి ఎవరో దయగలవాళ్ళు లారీ మీద నీలం బరకాలు పంపించేరు. ఇల్లు పోయినవాళ్ళకి తలో బరకం ఇమ్మని మా సంఘానికి అప్పజెప్పేరు. ఈ కొట్టు గుమ్మంలోనే నేను నిలబడి పంచేను. చివర్లో రెండు మిగిలేయి. "ఇవి మనకుంచుకుందాంరా, రేపు క్లబ్బుకి పనికొస్తాయి," అన్నాడు శీను. నేను సరే అన్నాను. వాటి మీద డొక్కలు కప్పిందీ నేనే.

ఆ గంటలోనే సీతారత్నం వచ్చింది. కాలవ గట్టు మీద తాటాకింట్లో ఉండేది. మొగుడు చేపల వేటకెళ్ళి ఆ తుఫానులో తిరిగి రాలేదు. చంకలో అయిదు నెలల పాప. ప్రకాష్ కి పెద్దమ్మ కూతురు, వాడు అక్కా అనేవాడు.

"సెక్రటరీ గారూ, బరకం ఉందాండీ?" అంది.

"అయిపోయాయండి. రేపు ఇంకో లారీ వస్తుంది. రేపు రండి."

"ఆయ్. అలాగేనండి."

లారీ వస్తుందని నాకెవరూ చెప్పలేదు. నాకప్పటికి సెక్రటరీ పదవి కొత్త. పదవి కొత్తగా ఉన్నప్పుడు లేదనడంలో ఓ రుచి ఉంటుంది. మర్యాదగా అంటే ఆ రుచి ఇంకా బాగుంటుంది.

రెండో రోజు వచ్చింది. మూడో రోజూ వచ్చింది. తుఫాను పోయినా ముసురు వదల్లేదు. తలమీద అరిటాకు, దానికింద పాప. పాప దగ్గుతోంది. రోజూ అదే ప్రశ్న, అదే జవాబు, అదే ఆయ్. ఒక్కసారి కూడా ఆవిడ గొంతు లేవలేదు. నాలుగో రోజు రాలేదు. అయిదో రోజున పాపని, ఏడో రోజున తల్లినీ ప్రకాషే శ్మశానానికి మోసుకెళ్ళేడు.

అప్పుడైనా ఆ బరకాలు ఎవరికైనా ఇచ్చెయ్యొచ్చు. ఇస్తే ఇన్నాళ్ళూ ఎక్కడున్నాయంటారు. అందుకని అటకెక్కించేం.

ఇదీ సంగతి. ఆ శుక్రవారం సాయంత్రం ఆరున్నరకి, నిచ్చెన మీద నేను, కింద శీను.

డొక్కలు పక్కకి తోసి బరకం చుట్ట మీద చెయ్యేసేను. తడిగా ఉంది.

"శీనూ... ఇది తడిసుందిరా."

"ఎలకలు పోసుంటాయి. దించు."

ఏ ఎలకకీ అంత శక్తి ఉండదు. దించుతుంటే మోచేతుల వెంబడి చన్నీళ్ళు కారేయి. చుట్టూ ఉన్న డొక్కలు మాత్రం అగ్గిపుల్ల గీస్తే భగ్గుమనేంత ఎండిపోయి ఉన్నాయి. రెండో చుట్టా అంతే. వాసన మొదలైంది. పీచు వాసన కాదు. కుళ్ళిన వరి గడ్డి, బురద, చచ్చిన గొడ్లు... తుఫాను వెళ్ళిన వారంలో ఊరంతా కొట్టిన వాసన.

ఒక బరకం నేల మీద పరిచేం. ఆరబెట్టి మడతెడదామని శీను ఆలోచన. చెరో కొసా పట్టుకుని విదిలించి వదిలేం. అది గాలి పోయి నేలకి అతుక్కోవాలి. అతుక్కోలేదు. మధ్యలో గుమ్మడికాయంత ఎత్తు మిగిలింది.

"కింద ఏదో ఉందిరా. బంతేమో?" అన్నాడు శీను.

ఎత్తి చూసేం. నున్నటి నాపరాయి నేల. ఏమీ లేదు.

మళ్ళీ పరిచేం. మళ్ళీ ఎత్తు. ఈసారి కొంచెం నా వైపుకి జరిగి.

నేను జోకెయ్యాలని చూసేను. భయమేస్తే జోకులెయ్యడం నా జబ్బు. నోరు తెరిచేను. అప్పుడే చప్పుడు మొదలైంది.

టప్... టప్ టప్...

బరకం మీద వాన పడే చప్పుడు. ముందు చినుకులు, తర్వాత జల్లు. నేను కిటికీలోంచి బయటికి చూసేను. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు, సందె వెలుగు ఇంకా ఉంది. చూరు పొడిగా ఉంది. గదిలో ఎక్కడా చుక్క పడటం లేదు. వాన చప్పుడు మాత్రం మా కాళ్ళ ముందు బరకం మీద.

అప్పుడు కరెంటు పోయింది.

మా ఊళ్ళో కరెంటు రోజూ ఆ వేళకే పోతుంది. అందులో దెయ్యం ప్రమేయం లేదని నాకు నేను చెప్పుకున్నాను. టార్చిలైటు కోసం వెతికితే, అది గోనెసంచీ అడుగున సర్దేసేను. పద్ధతిగా.

చీకట్లో వాన చప్పుడు ఆగింది. ముందు తలుపు మీద ఎవరో వేళ్ళతో మెల్లిగా తట్టేరు. విసుగనిపించకూడదన్నట్టు, రెండే రెండుసార్లు.

"ప్రకాషా?" అన్నాడు శీను.

మళ్ళీ రెండుసార్లు.

"సెక్రటరీ గారూ..."

గోనెసంచీలోంచి చెయ్యి బయటికి తీసేను.

"...బరకం ఉందాండీ?"

శీను నా మణికట్టు పట్టుకున్నాడు. నా చెవిలో గుసగుసగా, "చెప్పరా... నిన్నే అడుగుతోంది. ఇచ్చేస్తానని చెప్పు. తీసుకుపొమ్మను," అన్నాడు.

నాకూ ఆ మాటే చెప్పాలని ఉంది, ఒట్టు. ఉన్నాయమ్మా, రెండున్నాయి, తీసుకో, నన్నొదిలెయ్. ఇంత మాట నాలిక చివర దాకా వచ్చింది. మనిషికి రెండోసారి అవకాశం రావడమే గొప్ప. చచ్చిపోయిన మనిషి గుమ్మం దాకా వచ్చి ఆ అవకాశం ఇవ్వడం ఎంతమందికి జరుగుతుంది? కానీ ఆ గుమ్మం, ఆ గొంతు, ఆ ప్రశ్న... నా నోటికి ఒకటే జవాబు అలవాటు.

"అయిపోయాయండి," అన్నాను. "రేపు రండి."

శీను చెయ్యి నా మణికట్టు మీద బిగుసుకుంది.

తర్వాత...

"ఆయ్. అలాగేనండి."

అదే మర్యాద. అదే మెత్తదనం. కానీ నేను ఆ గొంతుని మూడ్రోజులు విన్నవాణ్ణి. ఈసారి ఆవిడ నవ్వుతోంది.

"పాప మటుకు లోపలే ఉందండి... తడుస్తాదని."

మా ఇద్దరి మధ్యా, బరకం కింద, పాప దగ్గింది.

ఒక్కసారే. చిన్న దగ్గు. ఆ తర్వాత బరకం కొసలు గరగరమంటూ నేల మీద పాకడం వినబడింది... నా వైపు కాదు... శీను వైపు... ఓ కొస వాడి కాలి చుట్టూ తిరిగినట్టుంది, "ఒరే... ఒరే..." అన్నాడు, "లాగరా..."

నా చెయ్యి ఇంకా వాడి చేతిలోనే ఉంది. విడిపించుకున్నాను.

ఇది రాయకుండా వదిలెయ్యొచ్చు. చీకట్లో ఎవరూ చూళ్ళేదు. కానీ రాస్తున్నాను. వాడి వేళ్ళు ఒక్కొక్కటే విప్పేను. వెనక తలుపు తీసుకుని డొక్కల మీద పడుతూ లేస్తూ పరిగెత్తేను. వెనకాల అడుగుల చప్పుడు వస్తూనే ఉంది. శీనే, వాడూ బయటపడ్డాడు అనుకున్నాను. అలా అనుకుంటే తేలిగ్గా ఉంది. మా ఇంటి గుమ్మం దాకా వచ్చేయి. అప్పుడు తిరిగి చూసేను.

ఎవరూ లేరు. దుమ్ము దారి మీద నా చెప్పుల గుర్తులు. వాటి పక్కనే, తడిగా, ఆడమనిషి పాదాలు. మా గుమ్మం ముందు ఆగి, వెనక్కి తిరిగి ఉన్నాయి.

మా అమ్మ అన్నం పెడతానంది. కడుపునొప్పన్నాను. దుప్పటి ముసుగు తన్ని పడుకున్నాను. శీను వాళ్ళింటికి వెళ్ళి చూద్దామా అని నాకు అనిపించలేదని కాదు. అనిపించినప్పుడల్లా దుప్పటి ఇంకాస్త పైకి లాక్కున్నాను. వాళ్ళింట్లోవాళ్ళు వాడు క్లబ్బులోనే పడుకున్నాడనుకున్నారు. వాడలా పడుకోవడం మామూలే.

పొద్దున్న అయిదింటికి పేతురు వేన్ హారను కొట్టేడు. నలుగురితో కలిసి వెళ్తే నాకూ ధైర్యంగానే ఉంది. కొట్టు ముందు తలుపు లోపల గడియ పెట్టుంది. వెనక తలుపు కూడా... నేను బార్లా తీసి పారిపోయిన తలుపు... లోపల్నించి గడియ పెట్టుంది. ప్రకాష్, పేతురు భుజాలతో తోసి ముందు తలుపు విరగ్గొట్టేరు.

సామాన్లన్నీ నేను సర్దినవి సర్దినట్టే ఉన్నాయి. మధ్యలో ఒక నీలం బరకం. పొడుగ్గా చుట్టి, కొబ్బరి తాడుతో జానకో ముడేసి ఉంది. పైన చెయ్యేస్తే పొడిగా ఉంది.

"భలే కట్టేరే!" అన్నాడు పేతురు.

ప్రకాష్ ముడుల మీద వేళ్ళు పెట్టి చూసేడు. "ఇవి తాటాకు కప్పుకేసే ముడులురా. మనలో ఎవడికీ రావు." తర్వాత, "శీనేడి?" అన్నాడు.

చుట్టకి ఓ కొసన అరిగిపోయిన చెప్పు ఒకటి కనబడింది. చెప్పులో కాలు ఉంది.

కత్తిపీటతో తాళ్ళు కోసేరు. నాలుగో ముడి తెగేసరికి నీళ్ళు బయటికి తన్నేయి. నేలంతా ముంచెత్తేయి. బురద నీళ్ళు, అందులో కుళ్ళిన గడ్డి పోచలు. ఆ నీళ్ళలో శీను పక్కకి తిరిగి ఉన్నాడు. చేతులు రెండూ పొదివి పట్టుకున్నట్టు ఉన్నాయి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు. ఆ చేతుల్లో ఏమీ లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. నేను ఆ కళ్ళు చూసేను. ఆయన చివరగా చూసిందేవిటో నాకు తెలీకూడదని దేవుణ్ణి వేడుకున్నాను. చచ్చేక స్నేహితుడు కూడా ఆయనైపోతాడు, భయం అలాంటిది.

ఊపిరితిత్తుల నిండా నీళ్ళని పోస్టుమార్టం కాగితం మీద రాసేరు. మూడు నెలలుగా చినుకు లేని ఊళ్ళో, గడియ పెట్టిన గదిలో, నీళ్ళెక్కడివని ఎవరూ రాయలేదు.

బరకం విప్పి పరిచినప్పుడు ఓ మూల తెల్లటి అక్షరాలు కనబడ్డాయి. తుఫాను బాధితులకి ఉచితం. ప్రకాష్ వాటిని చాలాసేపు చదివేడు. నాలుగు మాటలు కూడా లేవు, అయినా అంతసేపు చదివేడు. తలెత్తి నన్ను చూసేడు.

"మా అక్క మూడ్రోజులు తిరిగిందిరా," అన్నాడు. "ఇవెక్కడివి?"

అందరూ ఉన్నారు. బాపిరాజు గారు కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని కూచున్నారు. చెప్పడానికి అంతకన్న మంచి చోటు, మంచి వేళ ఉండదు.

"నాకేం తెలుసురా," అన్నాను. "శీనుకే తెలియాలి."

నెల తిరక్కుండా ప్రకాష్ కువైట్ వెళ్ళిపోయేడు. నాకు ఒక్క ఉత్తరం రాయలేదు. రాయకపోవడంలోనే నాకు అర్థమైంది, వాడు నమ్మలేదు.

ఇంకో సంగతి ఆ గందరగోళంలో ఎవరూ పట్టించుకోలేదు. నేను పట్టించుకున్నాను. అటక మీంచి దించినవి రెండు బరకాలు. గదిలో దొరికింది ఒకటే. అటకంతా వెతికేను, డొక్కలు తిరగేసేను, కాలవ గట్టు దాకా చూసేను. రెండోది లేదు.

ఆ తర్వాత మా ఊళ్ళో ఉండలేకపోయేను. అమలాపురం వచ్చి ఎరువుల కొట్లో గుమాస్తాగా చేరేను. పెళ్ళయింది. స్లాబు ఇల్లే అద్దెకి తీసుకున్నాను. ఎవరైనా తలుపు తడితే మా ఆవిడే వెళ్ళి తీస్తుంది. నేను తియ్యను. నాకు బద్ధకం అని ఆవిడ అభిప్రాయం, ఆ పేరే బాగుంది, ఉండనిచ్చేను. ఏడేళ్ళు గడిచేయి. ఏడేళ్ళలో ఏమీ జరగలేదు. ఇంక జరగదేమో అని కూడా ఈమధ్యే అనుకోవడం మొదలెట్టేను.

మొన్న గురువారం, మధ్యాహ్నం పన్నెండింటికి, మంచి ఎండలో, చొక్కా గుడ్డ పట్టుకుని గడియార స్తంభం దగ్గర దర్జీ సత్తియ్య దగ్గరికెళ్ళేను. రెండేళ్ళుగా నా బట్టలు అతనే కుడతాడు. గుడ్డ తీసుకున్నాడు గానీ టేపు తియ్యలేదు.

"కొలతలు తీసుకోవా?"

"ఎందుకండీ? నిన్ననే కదండీ పుస్తకంలో మళ్ళీ సరిచూసేను. మీ ఇంటావిడగారొచ్చి అడిగేరు."

"మా ఆవిడ పుట్టింటికెళ్ళి నెలైందయ్యా."

సత్తియ్య కళ్ళజోడు సర్దుకున్నాడు. "మరెవరోనండీ. మీ పేరు చెప్పే అడిగేరు. చాలా మర్యాదస్తురాలండి, ఎండలో నిలబడే ఉన్నారు, కూచోమన్నా కూచోలేదు. ఛాతీ, భుజం చెప్పబోతే అవేం వద్దన్నారండి. మనిషి పొడుగొక్కటే చాలన్నారు."

"చెప్పేవా?"

"చెప్పేనండి, అయిదడుగుల ఏడంగుళాలని. ఆవిడ వేళ్ళ మీద కొలుచుకుని, సరిపోతుందండీ, కాళ్ళ దగ్గర మడతకి ఓ మూర మిగులుతుంది కూడా అన్నారండి."